పదహారేళ్ల మిడ్‌ఫీల్డరుకు కావలసింది పెద్ద క్లబ్బు పేరా, ఆడే మ్యాచులా?

ప్రశ్న: మాది కాజీపేట. రైల్వేలో పని చేస్తున్నాను. మా అబ్బాయికి పదహారేళ్లు, ఈ ఏడాది పదో తరగతి పాసయ్యాడు. ఏడేళ్లుగా ఫుట్‌బాల్ ఆడుతున్నాడు. మిడ్‌ఫీల్డరుగా జిల్లా జట్టుకు రెండుసార్లు ఎంపికయ్యాడు. ఈమధ్య ఒక అకాడమీ ట్రయల్స్‌లో ఆట బాగుంది కాని మనిషి మరీ బక్కగా, పొట్టిగా ఉన్నాడని తిప్పి పంపారు. ఆరు లక్షలు కడితే యూరప్ క్లబ్బులో చేర్పిస్తానని ఒక ఏజెంటు వెంటపడుతున్నాడు. అబ్బాయేమో గోడకు క్రొయేషియా మిడ్‌ఫీల్డరు లూకా మోడ్రిచ్ ఫొటో అంటించుకుని, ఇంటర్ చదవనంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా ఆరు లక్షల సంగతి చెబుతాను, ఎందుకంటే మిగిలిన విషయాలు ఆలోచించుకోవడానికి మీకు వ్యవధి ఉంది, దీనికి లేదు. ఆ డబ్బు కట్టకండి. పద్దెనిమిదేళ్లు నిండని ఆటగాడిని ఒక దేశం నుంచి మరో దేశపు క్లబ్బుకు బదిలీ చేయడాన్ని ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నియమాలు నిషేధిస్తున్నాయి. తల్లిదండ్రులు ఫుట్‌బాల్‌తో సంబంధం లేని కారణంతో ఆ దేశానికి కాపురం మార్చడం వంటి కొద్దిపాటి మినహాయింపులు ఉన్న మాట నిజమే కాని, మీ అబ్బాయి వాటిలో దేని కిందికీ రాడు. యూరోపియన్ యూనియన్‌లో పదహారేళ్లు నిండినవారికి ఉన్న వెసులుబాటు ఆ ప్రాంతం లోపల జరిగే బదిలీలకే గాని, కాజీపేట నుంచి వెళ్లే పిల్లవాడికి వర్తించదు. కాబట్టి అక్కడ ఎవరైనా వాడిని పది రోజులు మైదానంలో తిప్పి ఫొటోలు తీయించగలరు తప్ప, పోటీ మ్యాచుల్లో దించడానికి రిజిస్టర్ చేయించలేరు. నా దగ్గరకు వచ్చిన ఒక కుటుంబం ఇలాగే పొలం మీద అప్పు తెచ్చి కొడుకును పంపింది. మూడు వారాలకు ఆ అబ్బాయి ఒక జెర్సీ, ఒక ధ్రువపత్రం పట్టుకుని తిరిగి వచ్చాడు. ఆ తండ్రి ఆ కాగితాన్ని నా బల్ల మీద పరిచి, దీన్ని చూపిస్తే ఇక్కడ ఏ క్లబ్బులోనైనా చేర్చుకుంటారా అని అడిగారు. చేర్చుకోరని చెప్పవలసి వచ్చింది. ఆ మాట మీకు కూడా చెప్పవలసిన పరిస్థితి రాకూడదని నా కోరిక.

ఇక మీ గోడ మీది ఫొటో విషయం. మీ అబ్బాయి సరైన మనిషినే ఎంచుకున్నాడు. అయితే వాడు చూస్తున్నది 2018లో ప్రపంచ ఉత్తమ ఫుట్‌బాలరుకిచ్చే బాలన్ డోర్ అవార్డు అందుకున్న ముప్పై మూడేళ్ల మోడ్రిచ్‌ను. మీరిద్దరూ కలిసి చూడవలసినది పదహారు నుంచి ఇరవై ఏళ్ల మధ్యనున్న మోడ్రిచ్‌ను. అతడు 1985లో క్రొయేషియాలోని జదర్‌లో పుట్టాడు. 1991లో యుద్ధం వచ్చి, తాతను చంపేశారు, ఇల్లు కాలిపోయింది, కుటుంబం శరణార్థులుగా హోటల్ గదుల్లో కొన్నేళ్లు తలదాచుకుంది. ఆ హోటల్ కార్లు నిలిపే స్థలమే అతడి తొలి మైదానం. చిన్నతనంలో హైదుక్ స్ప్లిట్ అనే పెద్ద క్లబ్బు మనిషి మరీ చిన్నగా, బలహీనంగా ఉన్నాడని చేర్చుకోలేదు. మీకు ఆ అకాడమీ వాళ్లు చెప్పిన మాటా అదే. జదర్ క్లబ్బులో పిల్లల శిక్షణ చూసే తోమిస్లావ్ బాషిచ్ మాత్రం ఆ పిల్లవాడిని వదిలిపెట్టక, పదహారేళ్ల వయసులో క్రొయేషియాలోని పెద్ద క్లబ్బు డైనమో జాగ్రెబ్‌కు చేర్చాడు.

నేను ముఖ్యమనుకునే భాగం ఇక్కడ మొదలవుతుంది. డైనమోలో చేరగానే మోడ్రిచ్‌కు ప్రధాన జట్టులో చోటు దొరకలేదు. 2003లో అతడిని పక్క దేశమైన బోస్నియాలోని జ్రిన్స్కీ మోస్తార్ క్లబ్బుకు లోన్ మీద, అంటే కొంతకాలం అక్కడ ఆడి రమ్మని అరువుగా, పంపారు. ఆ లీగ్ మొరటు ఆటకు పేరుపడింది. బక్కపలచని కుర్రాడిని ముప్పై ఏళ్ల డిఫెండర్లు మోచేతులతో నెట్టేసే చోట అతడు ఏడాదంతా ఆడి, ఆ లీగ్ ఉత్తమ ఆటగాడిగా నిలిచాడు. బోస్నియా లీగ్‌లో ఆడగలిగినవాడు ఎక్కడైనా ఆడగలడని తర్వాతి రోజుల్లో అతడే అన్నాడు. మరుసటి ఏడు ఇంటర్ జాప్రెషిచ్ అనే చిన్న క్లబ్బుకు మళ్లీ లోన్ మీద వెళ్లాడు. 2005లో డైనమోకు తిరిగి వచ్చాకే దీర్ఘకాల కాంట్రాక్టు, ప్రధాన జట్టులో స్థానం, వరుసగా మూడు లీగ్ టైటిళ్లు దక్కాయి. 2008లో ఇంగ్లండ్‌లోని టోటెన్‌హామ్ అతడిని కొన్నది. ఆ రెండు లోన్ ఏళ్లూ పెద్ద క్లబ్బు బెంచీ మీద కూర్చుని ఉంటే ఈ కథ ఇలా నడిచేది కాదని నా గట్టి నమ్మకం.

ఇది మిడ్‌ఫీల్డరు విషయంలో మరీ నిజం. వింగ్‌లో, అంటే మైదానం అంచుల్లో, ఆడే కుర్రాడి వేగం పదహారేళ్లకే అందరి కంటా పడుతుంది. నడిమైదానంలో ఆడేవాడి విలువ కాళ్ల వేగంలో కంటే చూపులో ఉంటుంది, ఆ చూపు పెద్దవాళ్లతో పోటీ మ్యాచులు ఆడితేనే పదునెక్కుతుంది. మీరు స్వయంగా ఒక పరీక్ష చేయవచ్చు. వచ్చే మ్యాచుకు ఒక నోటుపుస్తకం తీసుకెళ్లి, బంతిని వదిలేసి పది నిమిషాలపాటు మీ అబ్బాయినే చూడండి. బంతి వాడి దగ్గరకు చేరే ముందు ఐదారు సెకన్లలో భుజాల మీదుగా వెనక్కీ పక్కలకూ ఎన్నిసార్లు తల తిప్పాడో ఒక్కొక్క గీత గీయండి. బంతి అందుకునేటప్పుడు ఒళ్లు వాలుగా తిప్పి ముందున్న మైదానం కనబడేలా నిలబడ్డాడా, లేక తమ గోల్ వైపే ముఖం పెట్టి అందుకున్నాడా, ఫస్ట్ టచ్‌తోనే మీద పడుతున్న మనిషిని తప్పించుకున్నాడా అన్నది పక్కన రాయండి. నాలుగు మ్యాచులు ఇలా రాస్తే, పొట్టిగా ఉన్నాడన్న ఒక్క మాట కంటే మీకు చాలా ఎక్కువ తెలుస్తుంది. ఎత్తు విషయంలో తొందరపడకండి. కొందరు మగపిల్లలు పదహారు దాటాక కూడా ఎదుగుతారు. ఎత్తు పెంచుతామనే పొడుల జోలికి మాత్రం వెళ్లకండి.

చదువు విషయంలో నేను మీ పక్షమే. ఎన్‌గోలో కాంటే కథ మీ అబ్బాయికి చెప్పండి. పారిస్ పక్కనున్న సురెన్ అనే చిన్న క్లబ్బులో పెరిగిన ఆ మిడ్‌ఫీల్డరును కూడా పెద్ద అకాడమీలు పొట్టివాడని వద్దన్నాయి. పంతొమ్మిదేళ్లకు బులోన్ క్లబ్బు రెండో జట్టులో చేరి, ఇరవై ఒకటి దాటాక గాని ఫ్రాన్స్ మూడో శ్రేణి లీగ్‌లో పూర్తి సీజను ఆడలేదు. ఆ కాలంలోనే అకౌంటెన్సీ కూడా చదువుకున్నాడు. తర్వాత ఇంగ్లండ్ క్లబ్బు లెస్టర్‌తో 2016లో ప్రీమియర్ లీగ్, ఫ్రాన్స్‌తో 2018లో ప్రపంచ కప్ గెలిచాడు. చదువు వల్ల అతడి ఆట ఏమీ చెడలేదు.

మన దేశంలో చదువు అవసరం ఇంకా ఎక్కువ. హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో దేశపు అగ్రశ్రేణి లీగ్ ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) విజేతగా నిలిచింది. తర్వాత ఆర్థిక ఇబ్బందుల్లో పడి, 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. అదే ఏడాది లీగ్ నిర్వహణ హక్కుల వివాదంతో సీజను సమయానికి మొదలు కాలేదు, కొన్ని చోట్ల జీతాలు నిలిచిపోయాయి. ఐఎస్‌ఎల్ కింది శ్రేణి అయిన ఐ-లీగ్‌లో శ్రీనిధి డెక్కన్ క్లబ్బు 2022-23, 2023-24 సీజన్లలో రెండో స్థానంలో నిలవడం మన ప్రాంతపు కుర్రాళ్లకు ఆశ కలిగించే విషయమే అయినా, ఒక్క క్లబ్బు మీద జీవితమంతా పెట్టుకోకూడదు. అలాగని ఆట దారి మూసుకుపోయిందని కూడా నేను అనను. 2017లో ఢిల్లీలో కొలంబియా మీద గోల్ కొట్టి, ఫిఫా అండర్-17 ప్రపంచ కప్‌లో భారత్‌కు తొలి గోల్ అందించిన జీక్సన్ సింగ్ మణిపూర్ నుంచి వచ్చిన మిడ్‌ఫీల్డరే. దాని తర్వాత అతడు నేరుగా ఐఎస్‌ఎల్‌కు వెళ్లక, కుర్రాళ్ల జట్టయిన ఇండియన్ యారోస్ తరఫున ఐ-లీగ్‌లో పెద్దవాళ్లతో ఆడి, 2019లో కేరళ బ్లాస్టర్స్‌కు ఆడటం మొదలుపెట్టాడు.

మీకు రైల్వే తెలుసు కాబట్టి మరో దారి కూడా గుర్తు చేస్తాను. స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఫుట్‌బాలర్లను తీసుకుంటుంది, రాష్ట్రాల జట్లు తలపడే సంతోష్ ట్రోఫీలో తన జట్టును దించుతుంది. 2024 డిసెంబరు 31న ఆ ట్రోఫీ ఫైనల్ మన గచ్చిబౌలిలోనే జరిగి, బెంగాల్ జట్టు కేరళను 1-0తో ఓడించింది. ఇలాంటి ఉద్యోగానికి జిల్లా సర్టిఫికెట్లు చాలవు, రాష్ట్ర, జాతీయ స్థాయి పోటీల్లో ఆడిన రుజువులు కావాలి. అందుకే జనన ధ్రువపత్రం, ఏఐఎఫ్‌ఎఫ్ (అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య) రిజిస్ట్రేషన్ వివరాలు, ఆడిన ప్రతి టోర్నమెంటు కాగితం ఒకే ఫైలులో ఉంచండి. వయసు తగ్గించి చూపిద్దామని ఎవరైనా సలహా ఇస్తే ఆ గుమ్మం మళ్లీ తొక్కకండి. ఎముకల పరీక్షలో పట్టుబడితే నిషేధం పడేది పిల్లవాడి మీదే. రేపు ఏదైనా క్లబ్బు కాంట్రాక్టు ఇస్తే, పద్దెనిమిదేళ్ల లోపు వాడిని మూడేళ్లకు మించి కట్టివేయడానికి ఫిఫా నియమాలు ఒప్పుకోవని గుర్తుంచుకుని, వకీలుకు చూపించాకే సంతకం పెట్టండి.

ఈ జూన్‌లో హనుమకొండలోనో కాజీపేటలోనో ఉదయం ప్రాక్టీసుకు వీలిచ్చే కాలేజీలో ఇంటర్ చేర్పించండి. హాజరు కుదరదనుకుంటే ఓపెన్ స్కూల్ ద్వారా పరీక్షలు రాయించండి. వరంగల్ జిల్లా లీగ్‌లో గాని, హైదరాబాద్ లీగ్‌లో గాని పెద్దవాళ్లతో ఆడే జట్టు ఏది వాడిని క్రమం తప్పకుండా మైదానంలోకి దించుతుందో కోచ్‌తో కూర్చుని మాట్లాడండి. ఎన్ని మ్యాచుల్లో ఎన్ని నిమిషాలు ఆడాడో ఆ నోటుపుస్తకంలోనే రాస్తూ ఉండి, వచ్చే ఏడాది దాన్ని పట్టుకుని, తిప్పి పంపిన ఆ అకాడమీ ట్రయల్స్‌కే మళ్లీ తీసుకెళ్లండి.