బుల్లి డ్రోన్ కట్టబోయే బిడ్డకు

బిడ్డా,

నువ్వు 65 మిల్లీమీటర్ల వూప్, గదే ఇంట్ల ఎగరేసే బుల్లి డ్రోన్, తెప్పించుకున్నవని, దాని బ్యాటరీ కనెక్టర్ కోసి వేరేది అతికిస్తా అంటున్నవని మీ బాపు ఫోన్‌ల చెప్పిండు. మన ఇంట్ల సోల్డరింగ్ ఐరన్ పట్టే ఆడపిల్లవు నువ్వే, సంబురమైంది. గుబులు కూడ అయింది. మహబూబ్‌నగర్‌ల ఎండలు ముదురుతున్నయి, మీ మేడ మీది రేకుల అర్ర ఎట్ల కాగుతదో నాకు ఎరికే.

పెట్టె విప్పినంక చేసేవి తక్కువే. రిమోట్‌తోని బైండ్ చెయ్యి, అంటే రెండిటిని జత కలుపు. డ్రోన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ బీటాఫ్లైట్‌ల, కమాండ్లు కొట్టే సీఎల్ఐ పేజీల 'డిఫ్ ఆల్' కొట్టి, వచ్చిన సెట్టింగులన్ని ఒక ఫైల్‌ల దాచుకో. కొత్త ఫర్మ్‌వేర్ (బోర్డు లోపలి సాఫ్ట్‌వేర్) వచ్చిందని ఊకెనే ఎక్కియ్యకు. మోటార్లు తిప్పి చూసేముందు నాలుగు ప్రాప్‌లు (రెక్కలు) తీసెయ్యి, అదీ కింది నుంచి మెల్లగ లేపి. పైనుంచి గుంజితే మోటార్ ఊడొస్తది.

అసలు సంగతి బ్యాటరీ. కొత్తగ దిగినోళ్లు చేసే తప్పు ఇదే: పొద్దున ఎగరేస్తమని రాత్రే అన్ని నింపి పెడ్తరు. తెల్లారితే చుట్టాలొస్తరు, పరీక్ష పడ్తది, వారం గడుస్తది. 4.35 వోల్టుల దాక నిండిన సెల్ కాగే అర్రల కూసుంటే లోపల గ్యాస్ పుట్టి ఉబ్బుతది. ఉబ్బకున్నా బలం పోతది: థ్రాటిల్ ఇయ్యంగనె వోల్టేజ్ దబ్బున పడ్తది, నువ్వేమో మోటార్లు చెడినయని కొత్తవి కొంటవు. ఉబ్బినదాన్ని గుచ్చకు, నొక్కకు, మళ్ల చార్జింగ్ పెట్టకు.

ఎగరేసే రోజే నింపు. 300 ఎంఏహెచ్ సెల్‌కు 0.3 ఆంప్ చాలు, గంట పైన పడ్తది. చార్జర్ మీద 4.20, 4.35 అని చిన్న స్విచ్ ఉంటది. సెల్ మీద హెచ్‌వీ (హై వోల్టేజ్) అని లేకుంటే 4.20 దాటనియ్యకు. డ్రోన్ కెమెరా బొమ్మ చూసే గాగుల్స్‌ల బ్యాటరీ 3.3 వోల్టులు కనబడంగనె దించు. దించినంక వోల్టేజ్ కొంచెం పైకొస్తది, అది చూసి మళ్ల లేపకు. చల్లారినంకనే చార్జింగ్. ఎగరెయ్యని రోజులల్ల 3.8 దగ్గర ఆపి కింది ఇంట్ల చల్లటి అర్రల పెట్టు. చార్జింగ్ షాబాదు బండ మీదనే పెట్టాలె, దివాన్ మీద వద్దు. పక్కన బకెట్ ఇసుక ఉండాలె, నువ్వు కూడ అక్కడ్నే ఉండాలె. పోయిన ఎండాకాలం చార్జింగ్‌ల ఉన్న ఫోన్ దిండు కింద పెట్టి పండుకున్నవు సూడు, గది యాదికొస్తే ఇప్పటికీ కోపమొస్తది. నీకేమన్న అయితే మేమెట్ల తట్టుకుంటం బిడ్డా.

పీహెచ్ 2.0 కనెక్టర్ తీసి బీటీ 2.0 కనెక్టర్ పెట్టుడు మంచి పనే, కరెంట్ ఎక్కువ గుంజినప్పుడు వోల్టేజ్ అంతగ పడిపోదు. బ్యాటరీలు కూడ అదే పిన్నువి కొనాలె మరి. ఐరన్ 350 డిగ్రీలు, సోల్డర్ మంచిగ అతికేటందుకు ఫ్లక్స్ పూసి, రెండు మూడు సెకన్లకు మించి ఆనియ్యకు. రాగి ప్యాడ్ బోర్డు నుంచి లేచిందంటే బాగుచేసుడు చాన కష్టం. ఎర్ర వైరు ప్లస్‌కు. తారుమారైతే బోర్డు కాలిపోతది.

డ్రోన్‌ను నేల మీద ఆన్‌ల పెట్టి సెట్టింగులు చూసుకుంటే టేబుల్ ఫ్యాన్ వెయ్యి, గాగుల్స్‌కు బొమ్మ పంపే వీడియో ట్రాన్స్‌మిటర్ గాలి లేకుంటే కాగిపోతది. ఎగరేసేటప్పుడు సీలింగ్ ఫ్యాన్ బంద్. జడ ముడేసుకో, నేల ఊడ్చు: రాలిన వెంట్రుక ప్రాప్ కింద ఇరుసుకు చుట్టుకుంటే మోటార్ వేడెక్కి డ్రోన్ ఒక దిక్కు ఒరుగుతది. ప్రాప్ తీసి, ట్వీజర్‌తోని పోగు పోగు తియ్యాలె.

కనెక్టర్ అతికించినంక, మల్టీమీటర్‌తోని ప్లస్ మైనస్ కలిసి షార్ట్ కాలేదని చూసుకొని, రెండు దిక్కుల ఫోటో తీసి వాట్సాప్‌ల పంపు. నేను చూసి చెప్పినంకనే బ్యాటరీ పెట్టు.

మీ పెద్దబాపు,
మిర్యాలగూడ