లినక్స్ బూట్ ఫ్లాపీని డాస్ బూట్ డిస్కుగా మార్చొచ్చా? మార్చొచ్చు, కానీ ఒక్క ఫార్మాట్‌తో అయ్యే పని కాదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: పాత లినక్స్ బూట్ ఫ్లాపీలు కొన్ని మిగిలాయి. విండోస్ ఎక్స్‌పీ మిషన్‌లో పెడితే డిస్కు ఫార్మాట్ అయి లేదంది. ఫార్మాట్ కొట్టి, డాస్ (విండోస్‌కి ముందున్న, కమాండ్లతో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్, అంటే ఓఎస్) ఫైళ్లన్నీ దాంట్లోకి కాపీ చేశారు. అయినా పాత మిషన్ బూట్ అవలేదు. లినక్స్ ఫ్లాపీలు, డాస్ ఫ్లాపీలు వేరువేరా, ఇవి ఇక చెత్తబుట్టకేనా అని అడుగుతున్నారు.

పారేయకండి. సోనీ 2011 మార్చిలోనే ఫ్లాపీల అమ్మకం ఆపేసింది. ఇప్పుడు దొరికేదంతా పాత స్టాకే, కాబట్టి పనిచేసే ప్రతి డిస్కూ విలువైనదే. పాత మిషన్లను బాగుచేసి నడిపే అలవాటు నాకుంది, ఒకే డిస్కును డాస్‌కీ లినక్స్‌కీ మళ్లీ డాస్‌కీ తిప్పి తిప్పి వాడుతుంటాను. డిస్కుకి ఓఎస్‌తో పనే లేదు. మనం ఫార్మాట్ అని ఒక్క మాటలో అనేసే దాంట్లో మూడు వేర్వేరు పనులున్నాయి. మీ డిస్కులో మొదటి రెండూ సరిగ్గానే జరిగాయి, మూడోది మాత్రం వేరే ఓఎస్ కోసం జరిగింది.

మొదటిది ట్రాకులు (గుండ్రటి దారులు), సెక్టార్లు (ఆ దారుల్లోని ముక్కలు) గీయడం. మామూలు మూడున్నర అంగుళాల హెచ్‌డీ ఫ్లాపీలో రెండు వైపులా 80 చొప్పున ట్రాకులు, ఒక్కో ట్రాకులో 18 సెక్టార్లు, ఒక్కో సెక్టారులో 512 బైట్లు ఉంటాయి. మొత్తం 14,74,560 బైట్లు. డాస్, విండోస్, లినక్స్ మూడూ వాడేది ఈ గీతల్నే. రెండోది ఫైల్ సిస్టమ్, అంటే ఏ ఫైలు ఎక్కడుందో రాసుకునే పద్ధతి. డాస్‌కి ఫ్యాట్12 అనే పద్ధతి కావాలి. మొదటి సెక్టారు బూట్‌కి, తర్వాత తొమ్మిదేసి సెక్టార్లు చొప్పున ఫ్యాట్ పట్టిక రెండు కాపీలకి, ఆపైన 14 సెక్టార్లు రూట్ డైరెక్టరీకి పోతాయి. మిగిలేది 14,57,664 బైట్లు. ఫార్మాట్ అయ్యాక డాస్ తెరమీద చూపించే అంకె ఇదే. మూడోది బూట్ కోడ్. మొదటి సెక్టారులో ఉండే చిన్న ప్రోగ్రామ్ ఇది.

మిషన్ ఆన్ చేయగానే ముందు నడిచే బయోస్‌కి ఫైళ్ల సంగతి తెలియదు. మొదటి సెక్టారుని మెమరీలోకి లాగి, కంట్రోల్ దానికి అప్పగించేస్తుంది, అక్కడితో దాని పని అయిపోతుంది. ఆ తర్వాత ఏ ఫైలు వెతకాలో ఆ సెక్టారులోని కోడే నిర్ణయిస్తుంది. ఫార్మాట్ చేసిన ఓఎస్ ఏదైతే ఆ ఓఎస్ కోడే అక్కడ ఉంటుంది. బూట్‌కి పనికిరాని ఖాళీ డిస్కులో కూడా ఒక కోడ్ ఉంటుంది, ఇది సిస్టమ్ డిస్కు కాదు అని చెప్పడం దాని పని. స్టోన్డ్, మైకెలాంజెలో లాంటి బూట్ వైరస్‌లు పాకింది ఈ దారిలోనే. డ్రైవ్‌లో మరిచిపోయిన డేటా ఫ్లాపీతో మిషన్ ఆన్ చేస్తే చాలు, ఒక్క ఫైలు కూడా తెరవనక్కర్లేదు.

అందుకే బూట్ అవని ఫ్లాపీ దొరికితే నేను ముందు ఫైళ్లు చూడను. దాంతో మిషన్ ఆన్ చేసి, తెరమీద ఏ మెసేజ్ వస్తుందో చూస్తాను. ఆ డిస్కుని చివరిసారి ఎవరు ఫార్మాట్ చేశారో అదే చెప్పేస్తుంది. "నాన్-సిస్టమ్ డిస్క్ ఆర్ డిస్క్ ఎర్రర్" అని వస్తే డాస్. "ఇన్‌వాలిడ్ సిస్టమ్ డిస్క్" అంటే విండోస్ 95 లేదా 98. "ఎన్‌టీఎల్‌డీఆర్ ఈజ్ మిస్సింగ్" అంటే విండోస్ ఎన్‌టీ వంశం, అంటే 2000, ఎక్స్‌పీ వగైరా. "దిస్ ఈజ్ నాట్ ఎ బూటబుల్ డిస్క్" అని మొదలై, బూట్ అయ్యే ఫ్లాపీ పెట్టి ఏదైనా కీ నొక్కమంటే లినక్స్‌లో ఫ్యాట్ ఫైల్ సిస్టమ్ వేసే ఎంకేడాస్‌ఎఫ్ఎస్ కమాండ్. ఎల్, ఐ అని రెండే అక్షరాలు వచ్చి ఆగిపోతే అది లినక్స్‌ని లేపే లిలో బూట్ లోడర్, తన తర్వాతి భాగాన్ని లోడ్ చేసుకుంది కానీ నడపలేకపోయింది.

మీ డిస్కు ఎన్‌టీఎల్‌డీఆర్ అనే అంటుందని నా అంచనా. ఎక్స్‌పీ మామూలుగా ఫార్మాట్ చేసిన ఫ్లాపీలో బూట్ కోడ్ వెతికేది ఎన్‌టీఎల్‌డీఆర్ అనే ఫైలునే. మీరు డాస్ బూట్ ఫైళ్లైన ఐఓ.సిస్, ఎంఎస్‌డాస్.సిస్, కమాండ్.కామ్ ఎన్నిసార్లు కాపీ చేసినా దానికి అవి కనిపించవు. దీనికి తిరగేసిన కేసు కూడా ఉంది. ఎన్‌టీ హార్డ్ డిస్కు బూట్ ఫైళ్లు పోయినప్పుడు ఎన్‌టీఎల్‌డీఆర్, ఎన్‌టీడిటెక్ట్.కామ్, బూట్.ఐఎన్ఐ మూడూ ఫ్లాపీలో వేసుకుని మిషన్ లేపొచ్చు. కానీ ఆ ఫ్లాపీని ఎన్‌టీలోనే ఫార్మాట్ చేసి ఉండాలి. డాస్‌లో ఫార్మాట్ చేసిన దాంట్లో అవే ఫైళ్లు వేస్తే నాన్-సిస్టమ్ డిస్క్ అనే అంటుంది.

ఇక చేయాల్సింది. ఎక్స్‌పీ మిషన్ చేతిలో ఉంది కాబట్టి అన్నిటికంటే తేలిక దారి అక్కడే ఉంది. ఫార్మాట్ విండోలో కింద ఎంఎస్-డాస్ స్టార్టప్ డిస్క్ తయారుచేయమనే చిన్న పెట్టె ఉంటుంది, దానికి టిక్ పెట్టి కొట్టండి. విండోస్ ఎంఈ తాలూకు డాస్ ఫైళ్లు, దానికి తగ్గ బూట్ కోడ్ రెండూ కలిపి వేస్తుంది. బయోస్ అప్‌డేట్ లాంటి చిన్న పనులకి అది చాలు.

డాస్‌తో నడిచే మిషన్ ఉంటే "ఫార్మాట్ ఎ: /యు /ఎస్" అనే కమాండ్ ఇంకా నమ్మకమైన దారి. ఇప్పటికే ఫార్మాట్ అయిన డిస్కైతే "సిస్ ఎ:" సరిపోతుంది. సిస్ చేసేదేమీ వట్టి కాపీ కాదు. బూట్ సెక్టారు తిరగరాస్తుంది, ఐఓ.సిస్‌ని రూట్ డైరెక్టరీలో మొట్టమొదటి స్థానంలో కూర్చోబెడుతుంది. పాత డాస్ బూట్ కోడ్ ఆ ఫైలు కోసం చూసేది ఆ మొదటి స్థానంలోనే, కాబట్టి మామూలు కాపీతో వేరే ఫైళ్ల తర్వాత పడితే అది ఉన్నా లేనట్టే లెక్క. కమాండ్.కామ్ కూడా అదే వెర్షన్‌ది కావాలి. ఒక డాస్ నుంచి ఒకటి, ఇంకో డాస్ నుంచి ఇంకొకటి తెచ్చి కలిపితే వెర్షన్ తప్పని మొండికేస్తుంది.

మీరు డాస్‌లో /క్యూ అని క్విక్ ఫార్మాట్ ప్రయత్నిస్తే, పాత ఫార్మాట్ చెల్లదు, క్విక్‌ఫార్మాట్ కుదరదు, పూర్తిది చేయమంటారా అని అడుగుతుంది. డిస్కు పాడైందని కంగారుపడకండి. క్విక్ ఫార్మాట్ పాత ఫ్యాట్ లెక్కల్ని చదివి, ఆ లెక్క ప్రకారమే పట్టికలు ఖాళీ చేస్తుంది. లినక్స్ ఇమేజ్ (మొత్తం డిస్కుకి ఫైలు రూపంలో ఉన్న నకలు) రాసిన డిస్కు మీద ఆ లెక్కలు లేకపోతే అదేం చేయగలదు? వై కొట్టి ముందుకు పొండి. అసలు వాడేసిన ఫ్లాపీకి నేను ఎప్పుడూ పూర్తి ఫార్మాటే చేస్తాను. హార్డ్ డిస్కు మీద ఫార్మాట్ కొట్టినప్పుడు ట్రాకుల గీతలు మారవు. ఫ్లాపీ మీద మాత్రం పూర్తి ఫార్మాట్ సెక్టారు గుర్తులతో సహా మళ్లీ గీస్తుంది. ఏళ్ల తరబడి అరలో పడున్న డిస్కుకి అదే కొత్త ఊపిరి.

లినక్స్ వైపు నుంచి చేసేవాళ్లకి ఈ పనులకి వేర్వేరు కమాండ్లున్నాయి. ఎఫ్‌డీఫార్మాట్ గీతలు గీస్తుంది, అంతే. ఆ డిస్కు పట్టుకెళ్లి విండోస్‌లో పెడితే ఫార్మాట్ కాలేదనే అంటుంది, ఎందుకంటే ఫైల్ సిస్టమ్ ఇంకా లేదు. దానికోసం తర్వాత ఎంకేడాస్‌ఎఫ్ఎస్ నడపాలి. బూట్ కోడ్ ఆ తర్వాత విడిగా వేయాలి. ఈ గొడవంతా వద్దనుకుంటే ఫ్రీడాస్ (ఉచితంగా దొరికే డాస్) బూట్ ఫ్లాపీ ఇమేజ్ తెచ్చుకుని డీడీ కమాండ్‌తో నేరుగా ఎఫ్‌డీ0 (లినక్స్‌లో ఫ్లాపీ డ్రైవ్ పేరు) మీద రాసేయండి, మీ ఫైళ్లు ఎంకాపీ కమాండ్‌తో అందులో వేసుకోండి. డ్రైవ్ లైటు ఆరేదాకా డిస్కు మాత్రం లాగకండి. ఒకే డిస్కు విండోస్‌లో చదవగలగాలి, లినక్స్ బూట్ కూడా కావాలంటే సిస్‌లినక్స్ అనే బూట్ లోడర్‌ని మించింది లేదు. అది ఫ్యాట్ ఫ్లాపీని ఫ్యాట్‌గానే ఉంచి, బూట్ సెక్టారు మార్చి, ఎల్‌డీలినక్స్.సిస్ అనే ఒక ఫైలు వేస్తుంది.

చాలామంది దృష్టికి రానిది బ్యాడ్ సెక్టార్ల విషయం. డాస్ ఫార్మాట్ చేస్తూ చెడ్డ సెక్టారు తగిలితే ఫ్యాట్ పట్టికలో దానికి గుర్తు పెట్టి, ఇక దాని జోలికి వెళ్లదు. చివర్లో ఇన్ని బైట్లు బ్యాడ్ సెక్టార్లలో పోయాయని చెబుతుంది. ఆ డిస్కు ఫైళ్లు దాచుకోవడానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. కానీ దాని మీద డీడీతోనో, డాస్‌లో అదే పని చేసే రారైట్‌తోనో ఇమేజ్ రాస్తే కథ వేరు. ఇమేజ్ మొదటి సెక్టారు నుంచి 2880వ సెక్టారు దాకా వరసగా పరుచుకుంటుంది, ఆ గుర్తులున్న పట్టికనే చెరిపేసి తన పట్టిక రాస్తుంది. చెడ్డ సెక్టారు మీద కెర్నెల్ (ఓఎస్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) ముక్క పడిందంటే బూట్ మధ్యలో డ్రైవ్ ఆగి, గర్ గర్ మని అదే చోట మళ్లీ మళ్లీ ప్రయత్నించే చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు ఒకసారి విన్నవాళ్లు మర్చిపోరు. కాబట్టి నా దగ్గర డిస్కులు రెండు గుంపులుగా ఉంటాయి. ఒక్క మచ్చ కూడా లేనివి ఇమేజ్‌లకి, కొంచెం మచ్చలున్నా జీరో ట్రాక్ (మొట్టమొదటి ట్రాకు) బాగున్నవి డాస్ డిస్కులకి. జీరో ట్రాక్ పోతే డాస్ ఒప్పుకోదు, ఆ డిస్కు నిజంగానే పారేయాల్సిందే. ఇమేజ్ రాశాక దాన్ని తిరిగి చదివి, సీఎంపీ కమాండ్‌తో అసలు ఫైలుతో పోల్చి చూడండి. నిమిషం ఎక్కువ పడుతుంది, టెన్షన్ తగ్గుతుంది.

మీ డిస్కుల్లో టామ్స్‌ఆర్‌టీబీటీ లాంటి ఒక్క ఫ్లాపీ లినక్స్ ఉందేమో చూడండి. అది 82 ట్రాకులు, ట్రాకుకి 21 సెక్టార్లు చొప్పున గీసుకుని 1722 కేబీ పట్టించేది. మైక్రోసాఫ్ట్ కూడా విండోస్ 95 ఇన్‌స్టాల్ ఫ్లాపీల్లో ఇదే ఎత్తు వేసింది, డీఎంఎఫ్ అని 1.68 ఎంబీ. ఇలాంటి వాటికి గీతలే వేరు కాబట్టి పూర్తి ఫార్మాట్ తప్పనిసరి, ఉత్త ఎంకేడాస్‌ఎఫ్ఎస్‌తో సరిపెట్టకండి. అమీగా కంప్యూటర్ల 880 కేబీ డిస్కులూ అంతే.

యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ వాడుతుంటే ఒక చిక్కుంది. ఆ డ్రైవ్ లోపలి కంట్రోలర్ తనకు తెలిసిన సైజులే చేస్తుంది, ఈ 21 సెక్టార్ల వ్యవహారం దానితో కాదు. లినక్స్‌లో అది ఎఫ్‌డీ0గా కాకుండా ఎస్‌డీ పేరుతో కనబడుతుంది, ఎఫ్‌డీఫార్మాట్ దాని మీద పనిచేయదు, యూఎఫ్ఐఫార్మాట్ వాడాలి. వీలైతే ఏ మిషన్‌లో బూట్ చేయాలో ఆ మిషన్ డ్రైవ్‌లోనే ఫార్మాట్ చేయండి. డిస్కుని చదివే, రాసే హెడ్ అలైన్‌మెంట్ (అది నిలబడే చోటు) డ్రైవ్‌కీ డ్రైవ్‌కీ కాస్త తేడా ఉంటుంది. ఒకదాంట్లో రాసింది ఇంకోదాంట్లో చదవకపోవడానికి చాలాసార్లు కారణం అదే.

డ్రైవ్‌లో పెట్టేముందు ఆ లోహపు రేకు వేలితో పక్కకి జరిపి, వెలుతురులో డిస్కు తిప్పి చూడండి. నల్లటి నునుపు మీద తెల్లటి బూజు మచ్చలుంటే పెట్టొద్దు. ఆ మురికి హెడ్‌కి అంటుకుని, తర్వాత పెట్టిన మంచి డిస్కుని కూడా గీకుతుంది. గుండ్రంగా ఒక గీత పడి ఉంటే ఆ ట్రాకు అయిపోయినట్టే.

డిస్కు తయారై బూట్ అయ్యాక, వెనకవైపు మూల ఉన్న చిన్న ప్లాస్టిక్ మీటని కన్నం తెరుచుకునేలా జరపండి. కన్నం తెరుచుకుని ఉంటే డిస్కు మీద ఎవరూ రాయలేరు. ఇది వైరస్‌ల కోసమే కాదు. విండోస్ 95, 98 తమకు తగిలిన ఫ్లాపీల బూట్ సెక్టారులో, తయారీదారు పేరుండే ఎనిమిది బైట్ల చోట, చివర ఐహెచ్‌సీ అని వచ్చేలా సొంత గుర్తు రాసేస్తాయి. మీరు డైరెక్టరీ చూడ్డానికి పెట్టినా సరే, అడగవు, చెప్పవు. మామూలు డాస్ డిస్కుకి దానివల్ల నష్టం లేదు. కానీ తన బూట్ సెక్టారు రాసింది రాసినట్టే ఉందా అని సరిచూసుకునే డిస్కులు ఆ తర్వాత బూట్ కావు.