అమ్మకపు పన్ను పెంచడానికి ఓటింగ్ ఎందుకు?

"సిటీ కౌన్సిలే పెంచేసుకోవచ్చు కదా, మధ్యలో జనం ఓటెందుకు?" అన్నది ప్రశ్న. కాలిఫోర్నియాలో అలా కుదరదు. 1996లో ఓటర్లు ఆమోదించిన 218వ ప్రతిపాదన ప్రకారం కొత్త స్థానిక పన్నుకు జనం ఒప్పుకోవాల్సిందే.

అసలు మెలిక ఇక్కడుంది. వచ్చిన డబ్బు దేనికైనా వాడుకునే "సాధారణ పన్ను" అయితే సగానికి మించి ఓట్లు చాలు. ఫలానా పనికే అని కౌన్సిల్ రాసి పెడితే మూడింట రెండొంతులు రావాలి. అందుకే ప్రచారంలో పోలీసులు, రోడ్లు అంటారు, బ్యాలెట్‌లో మాత్రం సాధారణ పన్ను అనే పెడతారు. తెలివే, కాకపోతే ఆ మాటలకు చట్టపరమైన కట్టుబాటు ఉండదు. 2016 జూన్‌లో శాన్ హోసే నగరంలో ఓటుకు పెట్టగా నెగ్గిన మెజర్ బి అనే అమ్మకపు పన్ను ప్రతిపాదన సాధారణ పన్నే: పావు శాతం, 15 ఏళ్లకు.

పావు శాతమంటే వంద డాలర్ల ప్రెషర్ కుక్కర్ మీద పాతిక సెంట్లు. బియ్యం, కూరగాయలకు పన్నే లేదు. వేడివేడి సమోసా కొంటే ఉంది. కారు పక్క ఊళ్లో కొన్నా తప్పించుకోలేరు, రిజిస్ట్రేషన్ చిరునామాను బట్టే రేటు. అన్నట్టు, హెచ్1బీ మీద ఉన్న మనవాళ్లు ఈ పన్ను కడతారు గానీ ఓటు వేయలేరు.