దీవిలో బడికి వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీర్వదించి రాయునది.

నాగాయలంక మండలంలోని దీవుల్లో నీకు ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయురాలిగా నియామకం వచ్చిందని మీ అమ్మ చెప్పగానే, కృష్ణమ్మ సముద్రంలో కలిసే ఆ చోట మడ అడవుల నడుమ నేను బడి నడిపిన రోజులన్నీ గుర్తుకు వచ్చాయి. వీలు చూసుకుని బదిలీ పెట్టుకోమని నీకు చాలామంది చెప్పి ఉంటారు. నేను మాత్రం ఆ ఊళ్లోనే కాపురం ఉండమంటాను.

మొదటి ఏడాది నేను ఇవతలి ఒడ్డున ఉండి రోజూ పడవలో వెళ్లివచ్చాను. పాటు వేళ నీరు తీసినప్పుడు పడవ రేవు దాకా రాదు. మోకాటి లోతు బురదలో దిగి నడిచి బడి చేరేసరికి పదకొండు దాటేది, తిరుగు పడవ అందుకోవడానికి మూడింటికే తాళం వేయవలసి వచ్చేది. మధ్యాహ్నం తరువాత పిల్లలు పలక కంటే రేవునే ఎక్కువగా చూసేవారు. ఆ ఏడాది ఒకటో తరగతి పిల్లలకు గుణింతాలు పట్టుబడలేదంటే తప్పు వాళ్లది కాదు, వాళ్ల అమ్మానాన్నలదీ కాదు, నాది. ఇన్నేళ్లయినా ఆ బాధ నన్ను విడవలేదు. మరుసటి ఏడాది ఊళ్లో గది తీసుకుని, సాయంత్రాలు వలలు బాగుచేసుకునే తండ్రుల పక్కన కూర్చోవడం మొదలుపెట్టాకే ఏ పిల్ల ఎందుకు రావడం లేదో నాకు తెలిసింది.

ఆ కారణాలు ఇంటింటికీ వేరుగా ఉంటాయి. తల్లి తెల్లవారుజామునే చేపలు ఏరడానికి వెళితే చంటి తమ్ముణ్ణి ఎత్తుకుని ఇంట్లో మిగిలిపోయే ఆడపిల్ల ఉంటుంది. ఆ చంటివాణ్ణి అంగన్‌వాడీలో చేర్పిస్తే ఆ పిల్ల తనంతట తానే బడికి వస్తుంది. తండ్రితో పీతల వేటకు పోయే కుర్రవాడి విషయంలో తండ్రితో తగువు పడకు. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు పెద్దది కాబట్టి, పంచాంగం చూసి వాడు ఏ రోజుల్లో రాలేడో ముందే లెక్కవేసుకుని, తప్పిన పాఠాన్ని సాయంత్రం చెప్పు. జనన ధ్రువపత్రం లేదని ఎవరినీ వెనక్కి పంపకు. 2009 నాటి విద్యాహక్కు చట్టం దానికి ఒప్పుకోదు. తొమ్మిదేళ్లకు తొలిసారి బడికి వచ్చిన పిల్లనైనా ఆ వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకుని, మిగతావారిని అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని ఆ చట్టమే చెబుతోంది.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేటకు నిషేధం ఉంటుంది. వేసవి సెలవులు పూర్తయ్యే దాకా పుట్టింట్లో ఉండిపోకుండా జూన్ మొదటి వారంలోనే ఊరు చేరుకో. ఆ రోజుల్లో మగవాళ్లు ఇళ్ల దగ్గరే దొరుకుతారు; పడవలు మళ్లీ నీళ్లలోకి దిగిన తరువాత పిల్లవాణ్ణి బడికి పంపమని తండ్రిని అడగడం కంటే ముందుగా మాట తీసుకోవడం తేలిక.

బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది స్త్రీలు ఉండాలి. సమావేశాన్ని ఆ తల్లులకు వీలైన సాయంత్రం వేళ పెట్టు. అరవై మంది లోపు పిల్లలున్నా ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలన్నది నియమం కనుక, నువ్వు ఒక్కదానివే ఉంటే కమిటీ చేత తీర్మానం చేయించి మండల విద్యాశాఖాధికారికి పంపించు. నీ అర్జీ కంటే తల్లుల సంతకాలకే విలువ ఎక్కువని అనుభవం మీద చెబుతున్నాను.

మధ్యాహ్న భోజనం బియ్యం, పప్పు పడవ మీద రావలసిందే కాబట్టి పదిహేను రోజులకు సరిపడా సరుకును మూత గట్టిగా ఉన్న డ్రమ్ముల్లో దాచు. రికార్డులను ఎత్తైన చోట ఉంచు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో అయినవారిని పోగొట్టుకున్న పెద్దలు దివిసీమలో ఇంకా ఉన్నారు. అక్టోబరు, నవంబరు నెలల్లో గాలి మారిందని వాళ్లు అంటే, హెచ్చరిక కోసం ఎదురుచూడకుండా పిల్లలను తుపాను షెల్టరుకు చేర్చు.

చివరగా, ఐదో తరగతి గురించి. అది ముగిసిన పిల్ల ఏరు దాటి హైస్కూలుకు పోలేక చదువు మానేయడం నేను చాలాసార్లు చూశాను. గురుకులాల ప్రవేశ పరీక్ష ఐదో తరగతికే ఉంటుంది కనుక నాలుగో తరగతి పిల్లలను ఆ ఏడాదంతా సిద్ధం చేయి. ఆడపిల్లలకు ఆరో తరగతి నుంచి కస్తూర్బా విద్యాలయాలూ ఉన్నాయి. దరఖాస్తు తేదీలు తెలుసుకుని నువ్వే దగ్గరుండి నింపించు. పరీక్ష రోజున పడవ మాట్లాడి నువ్వే వాళ్లను వెంటబెట్టుకుని వెళ్లు.

ఇట్లు,
మీ మామయ్య