ఛార్జింగ్ పెడితే కూత, తీసేస్తే మూగ

ప్రశ్న: మా కారు స్టీరియో పాతది, బ్లూటూత్ లేదు గానీ, 3.5 మి.మీ. ఆక్స్ సాకెట్ ఉంది. ఫోన్‌ను కేబుల్‌తో కలిపి పాటలు వింటున్నాను. సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి ఫోన్‌కు ఛార్జింగ్ పెట్టగానే పాట వెనుక సన్నని కూత మొదలై, యాక్సిలరేటర్ తొక్కే కొద్దీ హెచ్చుతోంది. ఛార్జింగ్ తీసేస్తే కూత ఉండదు గానీ, పాట చాలా చిన్నగా వినిపిస్తోంది. ఫోన్ పాటను ఎఫ్ఎం తరంగాలుగా కారు రేడియోకు పంపే ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ కొనుక్కోమంటున్నారు. కొనమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. ఇంజిన్ వేగంతో పాటు కూత పెరుగుతోందంటే దాని మూలం ఆల్టర్నేటర్, అంటే ఇంజిన్‌తో పాటు తిరుగుతూ కారుకు కరెంటు పుట్టించే యంత్రం అన్నమాట. అందులో పుట్టే ఏసీ కరెంటును డయోడ్లు డీసీగా మార్చినా, అందులో కొంత ఒడిదుడుకు మిగిలే ఉంటుంది. మీ ఫోన్ ఛార్జర్ ద్వారా ఒకచోట, ఆక్స్ కేబుల్, స్టీరియోల ద్వారా మరొకచోట కారు బాడీకి ఎర్త్ అవుతోంది కనుక, ఆ రెండు దారులూ కలిసి ఒక వలయంగా ఏర్పడి, ఆ ఒడిదుడుకును పాటలోకి మోసుకొస్తున్నాయి. దీనినే గ్రౌండ్ లూప్ అంటారు. ఛార్జర్ తీయగానే వలయం తెగిపోతుంది, కూత ఆగిపోతుంది.

ఫోన్‌ను పవర్ బ్యాంకుతో ఛార్జ్ చేసుకుంటే ఖర్చు లేకుండానే సమస్య తీరుతుంది, కాకపోతే ఆ పవర్ బ్యాంకును అదే సమయంలో కారు సాకెట్‌కు తగిలించకూడదు. లేదా ఆక్స్ కేబుల్ మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అనే చిన్న డబ్బీని పెట్టుకోవచ్చు. దానిలో కుడి ఎడమ ఛానెళ్లకు చెరొక బుల్లి ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. తీగ కలవకుండానే అయస్కాంత క్షేత్రం ద్వారా పాట అవతలికి చేరుతుంది. మరీ నాసిరకానివి బేస్‌ను పలచన చేస్తాయి.

శబ్దం తగ్గడానికి కారణం బహుశా ఫోన్ వాల్యూమే. దానిని గరిష్ఠానికి ఒకటి రెండు మెట్లు కిందికి ఉంచి, మిగిలిన సర్దుబాటు స్టీరియో నాబ్‌తో చేయండి. ఫోన్‌ను తగ్గించి స్టీరియోను పెంచితే పాటతో పాటు బుసబుసలు కూడా పెరుగుతాయి. ఇంకొక చిన్న పరీక్ష: వాద్యాలు వినిపిస్తూ, గాయకుడి గొంతు మాత్రం బావిలోంచి వస్తున్నట్టుంటే, పిన్ పూర్తిగా దిగలేదనీ, ఎర్త్ తగలడం లేదనీ అనుమానించాలి. రెండు ఛానెళ్లలోనూ సమానంగా ఉండే గొంతు అప్పుడు పరస్పరం రద్దవుతుంది. చాలాసార్లు అడ్డుపడేది ఫోన్ కవరు అంచే. ఒకసారి కవరు తీసి చూడండి.

ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ ఆక్స్ సాకెట్ లేని కార్లకు అక్కరకొచ్చేదే. 87.5 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్య ఖాళీ చోటు వెతికి పెట్టుకున్నా, ఊరు మారితే అక్కడ మరో స్టేషన్ ఎదురుకావచ్చు. చేతిలో తీగదారి ఉండగా దాని జోలికి పోవడం నాకైతే సబబనిపించదు. తీగే వద్దనుకుంటే ఆక్స్‌లో గుచ్చుకునే బ్లూటూత్ రిసీవర్లున్నాయి. సొంత బ్యాటరీ ఉన్నదే తీసుకోండి, ఎందుకంటే దానిని కూడా కారు సాకెట్ నుంచే నడిపితే పాత కూత మళ్లీ వినిపించవచ్చు.