అక్టోబరు ప్రదర్శనకు ముందు నీకు కొన్ని మాటలు

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

ప్రపంచ మానసిక ఆరోగ్య దినమైన అక్టోబరు 10 నాటికి, కళ, సంస్కృతి, మానసిక ఆరోగ్యం అన్న విషయం మీద మీ విద్యార్థులే పూనుకొని ప్రదర్శన పెడుతున్నారనీ, బొమ్మల ఎంపిక బాధ్యత నీకు అప్పగించారనీ చదివి చాలా సంతోషించాను. ముందుగా లేబుళ్ల గురించి చెబుతాను, ఎందుకంటే నేను తప్పు చేసింది అక్కడే.

నేను బోధిస్తున్న రోజుల్లో ఒక ప్రదర్శనలో, ఒక కుర్రవాడు బొగ్గుతో గీసిన మూసిన తలుపు బొమ్మ కింద, అతడు మనోవ్యాధితో ఉన్నప్పుడు గీసినదని నేనే రాయించాను. బొమ్మ పెట్టడానికి అతడు ఒప్పుకున్నాడు గానీ, ఆ వాక్యం సంగతి నేను అడగనేలేదు. వచ్చినవాళ్లు లేబుల్ చదివి అతడెవరని ఆరా తీశారే తప్ప, తలుపు కింది సందులో రబ్బరుతో తుడిచి తుడిచి అతడు రప్పించిన సన్నని వెలుతురును ఎవరూ చూడలేదు. మర్నాడు అతడు వచ్చి, ఒక్క మాటైనా అనకుండా బొమ్మ దించుకొని వెళ్లిపోయాడు. ఆ ఖాళీ మేకు నాకు ఇప్పటికీ గుర్తుంది.

కాబట్టి బొమ్మ పెట్టవచ్చా, పేరు వేయవచ్చా, కింద ఏమి రాయాలి అన్న మూడింటినీ విడివిడిగా అడిగి, అంగీకారం రాతపూర్వకంగా తీసుకో. ప్రారంభం రోజు ఉదయమైనా మనసు మార్చుకోవచ్చని అందులోనే రాయి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను రోగి హక్కుగా గుర్తించిందని మీ బృందానికి కూడా చెప్పు.

జర్మనీలోని హైడెల్‌బెర్గ్‌లో, ప్రింజ్‌హార్న్ అనే వైద్యుడు మానసిక చికిత్సాలయాల నుంచి సేకరించిన కళాఖండాల్లో, అక్కడ రోగిగా ఉన్న ఆగ్నెస్ రిక్టర్ అనే కుట్టుపనివారు 1895 ప్రాంతంలో ఆస్పత్రి బట్టతో కుట్టుకున్న చొక్కా ఉంది. దాని లోపలా బయటా ఆమె దారంతో అక్షరాలు కుట్టారు. వాటిలో చాలా భాగం చదవడానికి వీలుకాదు గానీ, ‘నేను’ అన్న మాట మాత్రం పదే పదే కనిపిస్తుంది. మీ లేబుళ్లలోనూ ఆ మాట గీసినవారే పలకాలి.

సంస్కృతి విభాగంలో ‘గాలి సోకింది’, ‘దిష్టి తగిలింది’, ‘మనసు బాగోలేదు’ వంటి మన ఇళ్లలోని మాటలను పెద్దవాళ్ల నోట విని రాసి పెట్టు. వాటిని ఎగతాళి చేయకు, వైద్యంగానూ చూపకు.

ఆత్మహత్య పద్ధతి కనిపించే బొమ్మ ఎంత గొప్పదైనా వద్దు. బయటికి వెళ్లే దారి దగ్గర ఒక బెంచీ వేయించి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి అయిన టెలి మానస్ ఫోన్ నంబరు 14416ను తెలుగులో పెద్ద అక్షరాలతో కంటి ఎత్తున అతికించు; అవసరం కలిగేది చూశాకే.

ప్రదర్శన ముగిశాక ఎవరి బొమ్మ వారి చేతికి నువ్వే స్వయంగా ఇవ్వు. లేబుళ్లు అచ్చుకు వెళ్లే ముందు నాకు ఒక ప్రతి పంపించు.

ఇట్లు,
నీ పెద్దమ్మ