భుజం ఆపరేషన్‌కు ఏ బ్లాక్ ఇవ్వాలి

విజయనగరం

చిరంజీవికి ఆశీస్సులు.

అమ్మా, శ్రీకాకుళంలో మత్తు డాక్టరుగా చేరావు. భుజం ఆపరేషన్ తర్వాతి నొప్పికి ఏ నర్వ్ బ్లాక్ (నరం పక్కన మందు ఇచ్చి ఆ భాగాన్ని మొద్దుబరచడం) మేలని అడిగావు. ముందు రోగి ఊపిరి ఎలా ఉందో చూడు, బ్లాక్ సంగతి ఆ తర్వాత.

నొప్పిని అణచడంలో ఇంటర్‌స్కేలీన్ బ్లాక్ బలమైనది. మెడలో స్కేలీన్ కండరాల నడుమ సి5, సి6 అనే మెడ నరాల మూలాల చెంత మందు చేరితే భుజం మొద్దుబారుతుంది. అయితే ఊపిరి తీసే కండరమైన డయాఫ్రంను నడిపే ఫ్రెనిక్ నరం ఆ దగ్గరలోనే ఉండడం వల్ల, 20 మి.లీ. మందు ఇస్తే దాదాపు అందరిలోనూ ఆ వైపు డయాఫ్రం కొన్ని గంటలపాటు బలహీనపడి, ఊపిరితిత్తుల సామర్థ్యం సుమారు నాలుగోవంతు తగ్గుతుంది. ఆరోగ్యవంతులకు చాలామట్టుకు అది తెలియనైనా తెలియదు. మన తీరగ్రామాలలో ఏళ్ల తరబడి అడ్డపొగ (నిప్పు వైపు నోట్లో పెట్టుకొని చుట్ట) తాగిన ముసలమ్మలకు మాత్రం అది ప్రాణం మీదికి రావచ్చు. అటువంటి ఒక తల్లికి ఈ బ్లాక్ ఇచ్చి, తెల్లవారే వరకు ఆమెకు ఆక్సిజన్ పెట్టి మంచం పక్కనే కూర్చున్నాను. చుట్ట సంగతి ముందుగా అడగకపోవడం నా తప్పే.

అటువంటివారికి సుప్రాస్కాపులర్, ఆక్సిలరీ నరాలకు విడివిడిగా బ్లాక్ ఇవ్వు. భుజం కీలు స్పర్శలో సుమారు 70 శాతం సుప్రాస్కాపులర్ నరానిదే. మొదటి గంటలలో నొప్పి కొంత మిగిలినా, వెనుక వైపు నుంచి ఇస్తే ఊపిరికి భయం తక్కువ. మధ్యస్థమైనది సుపీరియర్ ట్రంక్ బ్లాక్: సి5, సి6 కలిసిన చోట అల్ట్రాసౌండ్‌లో చూస్తూ ఇస్తే ఉపశమనం ఇంటర్‌స్కేలీన్‌కు దీటుగా ఉంటుంది, డయాఫ్రం చాలావరకు నిలుస్తుంది. చేయి కుదిరాక నేను ఎక్కువగా దీనినే ఎంచుకున్నాను.

ఉద్దానం నుంచి, కొబ్బరిచెట్టు మీద నుంచి పడినవారు వస్తే కిడ్నీ పరీక్షలు చూడకుండా డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందులు రాయవద్దు. అక్కడ కిడ్నీ జబ్బు ఎంత పాతుకుపోయిందో నీకు తెలుసు. ఆ మందులు వాడలేని రోగికి బ్లాకే పెద్ద దిక్కు కాబట్టి, వీలైతే నరం పక్కన కాథెటర్ (సన్నని గొట్టం) పెట్టి రెండు రోజులు కొనసాగించు.

ఒక్క సూదితో సరిపెడితే, పగలు హాయిగా ఉన్న రోగి అర్ధరాత్రి మందు దిగిపోగానే భరించలేని నొప్పితో లేస్తాడు. స్పర్శ పూర్తిగా తిరిగి రాకముందే పారాసెటమాల్ మొదలుపెట్టమని, మొద్దుబారిన చేతిని స్లింగ్‌లోనే ఉంచమని ఇంటివారికి నీవే చెప్పు. బ్లాక్ ఇచ్చిన వేళను రాత్రి డ్యూటీ నర్సుకు రాసి ఇవ్వు.

ఇట్లు,
మీ పెదనాన్న